బాయిల మోగిన గడియారం

"బియ్యం డబ్బల ఎవలన్న గడియారం పెడ్తరానే?"

అడిగింది తల్లి రాధాబాయి. ఉజ్వల మోచేతి దాకా బియ్యంలో చెయ్యి పెట్టి దేవులాడుతూనే ఉంది. అప్పటికే ట్రంకుపెట్టె బోర్లించింది. పరుపులు దులిపింది. బొగ్గుల గంప కూడా కుమ్మరించడంతో వంటింటి గచ్చు మీద నల్లటి అడుగులు పడ్డాయి.

"మొన్న పొద్దుగాల గ్రౌండ్ కెల్లి వచ్చి కిటికీల పెట్టిన. నా చేతులతోని పెట్టిన. దానికేమన్న కాళ్ళొచ్చినయా?"

"దొరుకుతది తియ్."

"మొన్నటి సంది గదే మాట. నువ్వు ఒక్కసారన్న దేవులాడినవా అవ్వా?"

రాధాబాయి చిక్కుడుకాయ ఈనె తీస్తోంది. తల ఎత్తలేదు.

అది ముళ్ళు తిరిగే గడియారం కాదు. నల్లటి పట్టీ, బూడిద రంగు అద్దం, అద్దంలో అంకెలు. పరుగు పందేలకు పోయేవాళ్ళ కోసం చేసింది. ఒక బటన్ నొక్కితే సెకండు నూరు ముక్కలై పారుతుంది. ఇంకొకటి నొక్కితే ఎక్కడిదక్కడ ఆగుతుంది. మూడోది నొక్కితే చీకట్లో మిణుగురంత దీపం వెలుగుతుంది. జబ్బార్ వాళ్ళ అన్న ముష్తాక్ దుబాయి నుంచి వస్తూ అలాంటివి రెండు తెచ్చాడు. ఒకటి తమ్ముడికి. ఒకటి తమ్ముడి జతగాడు, ఉజ్వల అన్న ప్రహ్లాద్‌కు.

ప్రహ్లాద్ పోయి ఏడాది దాటింది. వానాకాలపు జ్వరం. గడియారం చెల్లెలి చేతికి వచ్చింది.

ఉజ్వల పొద్దున్నే దాన్ని కట్టుకుని ఉరికేది గానీ, సెకండ్ల బటన్ ఎన్నడూ ముట్టుకోలేదు. అన్న ఆఖరిసారి తన పరుగును కొలిచి ఆపిన అంకె అందులో అట్లాగే నిలబడి ఉంది. మొదలుపెట్టాలంటే దాన్ని చెరపాలి. అన్న అనేవాడు: "ఆఖరి అంకెలు చూడు పిల్లా. అవి అంకెలు గావు, నీళ్ళు. నీళ్ళెంబడి ఉరుకు, మనుషులెంబడి ఉరకకు."

"ఎవలన్న పోరగాళ్ళు తీసి బటన్లు ఒత్తితె?" అంది ఉజ్వల. "గడియారం పోతె పోనీ. గా అంకె పోతె మల్ల యాడ తెచ్చుకోవాలె?"

ఆమె వరండా వైపు తిరిగింది. "బాపూ! నువ్వన్న చూసినవా?"

వరండాలో లక్ష్మణ్‌రావు దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు. కాలనీ వాళ్ళు బాయి అని పిలిచే బొగ్గు గనిలో ఆయన ఓవర్‌మన్. షిఫ్టులో దిగిన వాళ్ళందరి ప్రాణాలకు పూచీ ఆయనది. నిన్నటి నుంచి ఒంట్లో నలతగా ఉందని డ్యూటీకి పోవడం లేదు. జ్వరం లేదు. దగ్గు కూడా లేదు.

"బాపూ, నిన్నే."

"చాయ్ సల్లగైంది," అన్నాడాయన.

ఉజ్వల రెండు బిందెలు తీసుకుని నల్లా దగ్గరికి పోయింది. బిందెల చప్పుడులో కోపమంతా వినిపించింది.

*

చలికాలం పొద్దున మందమర్రిలో మంచు ఒక్కటే ఉండదు. కాలనీ పొయ్యిల పొగ కూడా దానితో కలిసి నేల మీద కూర్చుంటుంది. కిటికీ అవతల గ్రౌండు కనిపించడం లేదు. గోలుపోస్టు పైకర్ర మాత్రం గాలిలో వేలాడుతున్నట్టు ఉంది.

రాధాబాయి చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి వచ్చి గడపలో కూర్చుంది.

"మీ బూట్ల చూసిన," అంది నెమ్మదిగా. "నిన్న ఎండకు పెడదామని తీసిన. సాక్సుల చుట్టి ఉన్నది. ఉన్నది ఉన్నట్టే మల్ల పెట్టిన."

లక్ష్మణ్‌రావు ఆశ్చర్యపోలేదు. ఎవరో ఒకరు అడగాలని ఎదురుచూస్తున్నట్టు ఊపిరి వదిలాడు.

"ఇగ నువ్వే అడుగు. ఏమడుగుతవో అడుగు."

"ఎందుకు తీస్కపోయిండ్రు?"

"రెండో షిఫ్టు పడ్డ వారమంత నాకు సాయంత్రం ఐదు గంటలు లేనట్టే గద."

ఆమెకు అర్థమైంది. ఆ గడియారం రోజూ సాయంత్రం ఐదింటికి మోగుతుంది. ప్రాక్టీసుకు పోవాలని ప్రహ్లాద్ పెట్టుకున్న మోత అది. ఎవరూ తీసివేయలేదు. మొదటి షిఫ్టు వారాల్లో లక్ష్మణ్‌రావు నాలుగింటికే వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఇదే కుర్చీలో కూర్చునేవాడు. ఏమీ చేసేవాడు కాదు. మోత వినేవాడు. రెండో షిఫ్టు వారాల్లో ఐదింటికి ఆయన భూమి కింద ఉంటాడు.

"బాటరీ గడియారం బాయిల పనికిరాదని మీరే చెప్తరు గద అందరికి."

"నేనే చెప్త. లోపల గ్యాసు ఉంటది, ఒక్క నిప్పురవ్వ సాలు అంట. భూమన్న జేబుల ఒక్క బీడీ దొరికితె ఆనాడు ఇంటికి పంపిన." ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "బాయి మీద, దిగే ముంగట, అంతయ్య అందరిని తడుముతడు. నన్ను చూస్తె సలాం కొడ్తడు. ఓవర్‌మన్ సారును ఎవలు తడుముతరు?"

"మోగినప్పుడు ఏడున్నరు?"

"జబ్బారోళ్ళు బొగ్గు నింపే కాడ. బనీను లోపల పెట్టుకున్న. అంత సప్పుడుల ఇనపడదనుకున్న. ఇనపడ్డది. తట్టల సప్పుడు ఆగింది. బొగ్గు ఎత్తే చెమ్మసుల సప్పుడు ఆగింది. పిట్ట కూసినట్టు గదొక్కటే. ఎట్ల ఆపాల్నో నాకు ఎరుక లేదు. బనీను మీదికెల్లే అన్ని బటన్లు ఒత్తిన. ఆనాటి సంది మోగుతనే లేదు. షిఫ్టు సర్దార్ మొండయ్య పని బందుపెట్టి అందరిని పైకి తోలిండు. రూలు గదే. అందరిని తడిమిండ్రు."

"మిమ్ముల?"

"నన్ను గాదు."

ఆ తరువాత జరిగింది కాలనీకంతా తెలుసు. గనిలో అలాంటి గడియారం ఉన్నవాడు జబ్బార్ ఒక్కడే అని పేరుపడింది. వాడి దగ్గర దొరకలేదు. బొగ్గు తీసి ఖాళీ చేసిన గుహలోకి విసిరేసి ఉంటాడన్నారు. పని నుంచి ఆపారు. బొగ్గు నింపే బదిలీ ఫిల్లర్, ఇంకా పర్మనెంటు కాలేదు. తీసివేయడానికి పెద్ద పంచాయితీ కూడా అక్కరలేదు.

"మేనేజర్ కాడికి పోత," అన్నాడు లక్ష్మణ్‌రావు.

రాధాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోతె ఏమైతది? ఓవర్‌మన్ సర్టిఫికెట్ తీస్కుంటరు. నౌకరి పోతది. క్వార్టర్ ఖాళీ చెయ్యమంటరు. బోథ్‌కు పోయి మీ అన్న ఇంట్ల పత్తి చేన్లు చూసుకుంట కూసుంటం. గాడ మన ప్రహ్లాద్ ఉరుకంగ చూసినోళ్ళు ఎవలున్నరు? 'ఎట్లుండె మీ కొడుకు' అని అడిగెటోళ్ళు ఒక్కలన్న ఉన్నరా?" ఆమె కిటికీ వైపు చెయ్యి చూపించింది. "గీ కిటికీల కెల్లి నేను రోజు చూస్త. నాకు కనపడ్తడు. మీకు కనపడడేమో, నాకు కనపడ్తడు. గీ కిటికీ ఇడిసి నేను యాడికి పోవాలె?"

"మరి జబ్బార్?"

"చిన్నోడు. వాళ్ళన్న దుబాయ్ల ఉన్నడు. ఏదన్న తోవ దొరుకుతది."

ఆ మాట అన్నాక రాధాబాయి తన మాటకు తానే తల దించుకుంది.

మంచులో ఎవరో వస్తున్న చెప్పుల చప్పుడు వినిపించింది.

*

వచ్చింది బిస్మిల్లా బీ, జబ్బార్ తల్లి. నల్ల శాలువ తల మీది నుంచి కప్పుకుంది. లోపలికి రమ్మన్నా రాలేదు. వరండా మెట్టు మీదే కూర్చుంది.

"సలాం సారూ. పానం ఎట్లున్నది?"

"బాగనే ఉన్నది."

"మా ఇంట్లనే బాగలేదు." ఆమె కొంగు ముడి విప్పి ఒక చేతిరుమాలు తీసింది. రుమాల్లో నల్ల పట్టీ గడియారం. "గిది చూడుండ్రి. మా వానిది. ఆనాడు ఇంట్లనే ఉన్నది, గూట్ల. అల్లా కసం, నేనే దుమ్ము తుడిచి పెట్టిన. ఆఫీసుకు తీస్కపోయి చూపిస్తె 'ఇంకోటి ఉండకూడదా' అంటరు. ఒక్కటి కొనేటందుకే గతి లేదు, ఇంకోటి యాడికెల్లి తెస్తడు?"

లక్ష్మణ్‌రావు ఆ గడియారం వైపు చూడలేకపోయాడు.

"మీరు ఒక్క మాట చెప్పుండ్రి సారూ. పోరడు గసోంటోడు గాదని. మీ మాటంటె మేనేజర్‌కు గురి."

"వాడేమంటుండు?"

"ఏమంటడు? ఏమనడు. గోడ దిక్కు మర్రి పండుకుంటుండు. అసలు గంతమందిల వీని మీదనే ఎందుకు పడ్డరో ఎరుకేనా? మోత ఇనంగనే వీడొక్కడు లేచి నిలబడ్డడంట. అందరు కూసున్నోళ్ళు కూసున్నట్టే ఉన్నరు. వీని నెత్తి మీది లైటు లేచి రెండడుగులు నడిచిందంట. మొండయ్య చూసిండు. 'నీది గాకుంటె ఎందుకు లేచినవ్‌రా?' అంటె మాట లేదు." ఆమె నుదుటి మీద అరచేత్తో కొట్టుకుంది. "నా కొడుకుకు లేచేటందుకు గా యాళనే దొరికింది!"

లక్ష్మణ్‌రావు పెదవులు కదిలాయి. మాట బయటికి రాకముందే వాకిట్లో బిందె దిగిన చప్పుడైంది.

ఉజ్వల నడుము తడిసిపోయి ఉంది. ఆమె చూపు బిస్మిల్లా బీ అరచేతి మీద పడింది.

"గిది మీ ఇంట్ల ఉన్నదా ఖాలా?"

"బేటా..."

ఉజ్వల గడియారాన్ని లాక్కుంది. "మూడు దినాల సంది ఇల్లంత తవ్వుతున్న! జబ్బారన్న తీస్కపోయిండా? అడిగితె ఇయ్యనా నేను? కిటికీల చెయ్యి పెట్టి తీస్కపోతరా ఎవలన్న?"

"ఉజ్వలా!" రాధాబాయి లేచింది.

బిస్మిల్లా బీ మాత్రం లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"ఎయ్యి బేటా. నువ్వు గూడ ఒకటి ఎయ్యి. కంపెనీ ఒక బస్తా ఎత్తింది నా కొడుకు మీద. నువ్వు ఇంకోటి ఎత్తు. మోస్తడు. మీ అన్న పాడెను మోసినోడే గద."



ఉజ్వల చేతిలోని గడియారాన్ని తిప్పి చూసింది. అన్న గడియారం పట్టీ తెగితే బస్టాండు దగ్గర నల్ల దారంతో కుట్టించారు. దీని పట్టీకి కుట్టు లేదు. ఆమె వేళ్ళు పట్టీ పొడుగునా రెండుసార్లు తడిమాయి.

"ఖాలా... నేను..."

లక్ష్మణ్‌రావు దుప్పటి కుర్చీలో వదిలేసి లోపలికి పోయాడు. రాధాబాయి ఆయన ముందుకు ఒక అడుగు వేసి ఆగిపోయింది. ఆయన తిరిగి వచ్చినప్పుడు ఒక చేతిలో గని బూటు ఉంది. బూటులోంచి సాక్సు తీసి, సాక్సులోంచి గడియారం తీసి, కూతురి చేతిలో పెట్టాడు.

"బాయిల మోగింది గిదే," అన్నాడు. "తీస్కపోయింది నేను."

ఉజ్వల ఏడుస్తుందని రాధాబాయి అనుకుంది. ఉజ్వల ఏడవలేదు. అలవాటైన వేలితో ఒక బటన్ నొక్కింది. అద్దంలోకి చూసింది. ఇంకా చూసింది.

అన్నీ సున్నాలు.

"బాపూ, ఏం ఒత్తినవ్?"

"ఎరుక లేదు బిడ్డా. ఆగుతలేదు. అన్ని ఒత్తిన."

ఆ పిల్ల అద్దం మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా రుద్దింది, మంచు పట్టిన కిటికీని తుడిచినట్టు. సున్నాలు అట్లాగే ఉన్నాయి. అవి నీళ్ళు కావు. పారడం లేదు.

తరువాత జబ్బార్ గడియారాన్ని రుమాల్లో చుట్టి, వంగి, బిస్మిల్లా బీ ఒళ్ళో పెట్టింది. ఆమె మోకాలి మీద ఒక క్షణం చెయ్యి ఉంచింది. తన గడియారం మాత్రం తండ్రికి ఇచ్చేసింది.

"అన్న పెట్టింది పోయింది గద. ఇగ జబ్బారన్న నౌకరి పోకుంట చూడు. అంతే బాపూ."

ఆమె లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

బిస్మిల్లా బీ లేచి శాలువ సర్దుకుంది. "గందుకే నోరిప్పుతలేడు," అంది తనలో తాను. "వానికి ఎరుకే." తరువాత లక్ష్మణ్‌రావు వైపు తిరిగింది. "నేను మిమ్ముల బతిలాడ సారూ. ఇంకో ఇల్లయితె కాళ్ళు పట్టుకుందును. గీ ఇంట్ల పట్టుకోలేను. మీకు ఏం తోస్తె గది చెయ్యుండ్రి."

ఆమె మెట్టు దిగింది. రాధాబాయి ఆమె వెనకే వాకిలి దాకా పోయింది. ఇద్దరూ మంచులో తెల్లబడి, కొంచెం దూరం కనిపించి, తరువాత కనిపించలేదు.

*

లక్ష్మణ్‌రావు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. గడియారాన్ని జేబులో పెట్టుకోలేదు. చేతికి కట్టుకున్నాడు. కొడుకు మణికట్టు సన్ననిది. పట్టీ ఆఖరి చిల్లులో కూడా బిగుతుగానే ఉంది.

రాధాబాయి ఇంకా రాలేదు. కోపంతో పక్కింట్లో కూర్చుని ఉంటుందనుకున్నాడు. పిలిస్తే ఆపుతుంది. ఆపితే ఆగిపోతానేమోనని పిలవలేదు.

ఆఫీసుకు అడ్డదారి గ్రౌండు మీదుగానే. బూడిద పోసి గట్టిపరిచిన ట్రాకు పాదాల కింద మెత్తగా నలుగుతోంది. నాలుగు అడుగుల అవతల లోకం లేదు. గ్రౌండు అంచున ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు గబగబా పోతున్నట్టు అనిపించింది. మంచులో మనుషులు ఎప్పుడూ అట్లాగే ఉంటారు. ఉన్నారా అంటే ఉన్నారు.

గోలుపోస్టు దగ్గర ఒకడు కూర్చుని ఉన్నాడు. దగ్గరికి పోతే జబ్బార్ అయ్యాడు.

వాడు లేచి నిలబడ్డాడు. గనిలోనైతే సారు అంటాడు. గని బయట చిన్నప్పటి నుంచీ కాకా అనే పిలుస్తాడు.

"కాకా, మీరేంది గీడ? పానం బాగలేదంటిరి?"

వాడి చూపు ఆయన మణికట్టు మీద పడింది. వెంటనే పక్కకు తిప్పుకున్నాడు.

"ఆఫీసుకు పోతున్న," అన్నాడు లక్ష్మణ్‌రావు.

"వద్దు."

"పొయ్యి చెప్త."

"చెప్పెటందుకు ఏం లేదు కాకా. పొద్దుగాల్నే పొయ్యి నేను చెప్పి వచ్చిన. నాదే అన్న. గుహల ఇసిరేసిన అన్న. అయిపాయె."

లక్ష్మణ్‌రావు గోలుపోస్టు పట్టుకున్నాడు. కర్ర మంచుకు తడిసి చల్లగా ఉంది.

"మీ అమ్మకు ఎరుకేనా?"

"లే."

"ఎవలు చెప్పమన్నరు నిన్ను?"

"ఎవలు గాదు. అడిగి అడిగి వాళ్ళు అలిసిండ్రు. లేదు లేదని నేను అలిసిన."

"నేను నీ మీదికి నెట్టి ఇంట్ల కూసున్న జబ్బార్."

"మీరు నెట్టలే. నేనే లేచిన." జబ్బార్ బూడిదను బొటనవేలితో గీస్తున్నాడు. "గది మోగంగనే చెమ్మస్ కింద పెట్టిన. బూట్ల కోసం చూసిన కాకా. బాయి బూట్లు గాదు, గ్రౌండు బూట్లు. యాడ ఇడిసిన్నా అని దేవులాడిన. జర సేపు నా నెత్తి మీద బొగ్గు లేకుండె. ఆకాశమే ఉండె. ప్రహ్లాద్ ఎనుక కెల్లి వస్తుండు, లేట్ చేస్తె తిడతడు అనుకున్న. గంతే. మొండయ్య అరిసినంక బాయి మల్ల వచ్చింది."

మంచులో దూరంగా ఒక సైకిల్ గంట మోగి పోయింది.

"నేను నీ లైటు చూసిన," అన్నాడు లక్ష్మణ్‌రావు. "నీ మొఖం కనపడలే. లైటొక్కటే లేచింది. వాడే లేచిండనుకున్న."

ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు. అక్కడ ట్రాకు వంపు తిరిగి తెల్లదనంలో కలిసిపోతోంది.

"గీ సంగతి మేనేజర్‌కు ఏమని చెప్తం?" అన్నాడు జబ్బార్ చివరికి. "ఇంటికి పొండ్రి కాకా. మీకు సర్టిఫికెట్ పోతది. క్వార్టర్ పోతది. చిన్నమ్మ తట్టుకోదు. నేను బదిలోన్ని. మా అన్న దుబాయ్ పిలుస్తడు."

"దుబాయ్ పోత అని ఎన్నడన్న అన్నవా నువ్వు?"

"అనలే."

"మల్ల?"

జబ్బార్ మళ్ళీ బొటనవేలితో బూడిదను గీశాడు.

"షిఫ్ట్ మొదలు లోపలికి ముందుగాల ఎవలు పోతరు?" అని అడిగాడు లక్ష్మణ్‌రావు.

"మీరే. మీరు, సర్దారు."

"పొయ్యి, గాలి చూసి వచ్చి, బాగున్నది రాండ్రి అంట. మీరు వస్తరు. ఒక్కడన్న మల్ల చూసుకుంటడా? నా మాట మీద దిగుతరు. గిప్పుడు నేను సప్పుడు చెయ్యకుంట కూసుంటె, రేపు గదే నోటితోని రాండ్రి అని ఎట్ల అనాలె?"

"నేను వస్త."

"నువ్వు వస్తవు. నాకే నా మాట మీద గురి ఉండది."

ఆయన నడిచాడు. జబ్బార్ ఆయన ముందుకు వచ్చి రెండు చేతులూ చాచాడు, చిన్నపిల్లల ఆటలో దారి అడ్డం పెట్టినట్టు. లక్ష్మణ్‌రావు ఆ చేతుల్లో ఒకదాన్ని మెల్లగా పక్కకు జరిపి ముందుకు పోయాడు. వాడు వెనకే వచ్చాడు. వద్దు కాకా, వద్దు కాకా అంటూనే వచ్చాడు. ఒకచోట లక్ష్మణ్‌రావుకు తన వెనక ఇద్దరు నడుస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూడలేదు.

*

ఆఫీసు ముందు అంతయ్య పొయ్యి ముందు చలి కాచుకుంటున్నాడు. తనిఖీ డ్యూటీ లేని రోజు వాణ్ణి ఆఫీసు దగ్గర కూర్చోబెడతారు. ఓవర్‌మన్‌ను చూసి లేచి సలాం కొట్టాడు.

"సారూ, మీరు గూడ వచ్చిండ్రా? అమ్మగారు లోపల్నే ఉన్నరు."

"ఏ అమ్మగారు?"

"మన అమ్మగారే. బిస్మిల్లా తోల్కొచ్చింది."

పెళ్ళయి ఇన్నేళ్ళలో రాధాబాయి ఈ ఆఫీసు మెట్లు ఎక్కలేదు. దారి కూడా తెలియదు. లక్ష్మణ్‌రావు తలుపు దగ్గర ఆగిపోయాడు. లోపలి నుంచి ఆమె గొంతు వినిపిస్తోంది. దేవుడి ముందు మాట్లాడేంత నెమ్మదిగా ఉంది.

"నేనే పెట్టిన సారూ. సద్ది డబ్బకు బట్ట చుడ్త గద, గా బట్టల పెట్టిన. ఆయనకు ఎరుక లేదు. గీ పోరనికి అసలే ఎరుక లేదు."

"పొద్దున అతనే వచ్చి తనదని ఒప్పుకున్నాడమ్మా," అన్నాడు మేనేజరు.

గోడ పక్కన నిలబడిన బిస్మిల్లా బీ చివ్వున తలెత్తింది. అప్పుడే తలుపులోకి వచ్చిన కొడుకును చూసింది. వాడు నేల చూస్తున్నాడు.

"ఒప్పుకుంటడు సారూ," అంది రాధాబాయి. "గసోంటోడే వాడు. పని కెల్లి తీసేటందుకు మీకు మనిషే కావాల్నంటె నన్ను తీసెయ్యుండ్రి. నాకు నౌకరి లేదాయె."

మేనేజరు నవ్వలేదు. "గనిలోకి అలాంటిది పంపితే ఏమవుతుందో తెలుసా? ఎందుకు పెట్టారు?"

"ఇంట్ల మోగుతె నేనొక్కదాన్నే ఇనాలె. గందుకు."

అప్పుడు మేనేజరు తలుపు వైపు చూశాడు. "రండి లక్ష్మణరావు గారూ. మీ ఆవిడ చెప్పింది విన్నారుగా. నిజమేనా?"

లక్ష్మణ్‌రావు లోపలికి పోయాడు. రాధాబాయి తిరిగి చూడలేదు. ఆమె చెప్పులకు గ్రౌండు బూడిద అంటుకుని ఉంది.

"నిజం గాదు సారూ," అన్నాడు ఆయన. మణికట్టు బల్ల మీద ఉంచాడు. "తీస్కపోయింది నేను. నా బనీన్ల ఉండె. ఆమె నా కోసం చెప్తున్నది. గీ గడియారం గురించి ఆమెకేం ఎరుక? ఎన్నడు చెయ్యి గూడ పెట్టలే. ఏ బటన్ ఒత్తితె మోత ఆగుతదో అడుగుండ్రి, చెప్పలేదు."



రాధాబాయి మొదటిసారి భర్త వైపు తిరిగింది. ఆయన చెయ్యి పట్టుకుంది. తల వంచకుండా, అద్దం వైపు చూడకుండా, కుడి పక్క కింది బటన్ మీద బొటనవేలు ఉంచింది.

"గిది," అంది. "ఏడాది సంది రోజు ఐదింటికి మోగంగనే కిటికీ కాడికి పొయ్యి ఆపుతున్నది ఎవలనుకున్నరు?"

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన చేతిలోని కలం బల్ల మీదికి దిగింది. లక్ష్మణ్‌రావు నోరు తెరిచాడు. భార్య వేలు ఇంకా ఆయన మణికట్టు మీదే ఉంది, తియ్యడం లేదు.